నలభై రెండు నిమిషాల లెక్క

వేలూరు నుంచి సేలానికి విమానంలో ఎంతసేపు పడుతుంది? దూరాలు లెక్కగట్టే యాప్‌ని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది: సుమారు 165 కిలోమీటర్లు, 42 నిమిషాలు. రోడ్డు మీద 200 కిలోమీటర్లు దాటే దారి అది. ఉదయం ఇడ్లీ వేలూరులో తిని, ఫిల్టర్ కాఫీ సేలంలో తాగొచ్చన్నమాట. రెండు ఊళ్లకీ విమానాశ్రయాలున్నాయి కూడా. వేలూరుది ఊరి పడమర అబ్దుల్లాపురంలో ఉంది, సేలానిది కామలాపురంలో ఉంది.

లేనిదల్లా విమానమే.

అబ్దుల్లాపురం ఎయిర్‌స్ట్రిప్ బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. రన్‌వే పొడవు కిలోమీటరు కూడా ఉండదు. 78 మంది కూర్చునే ఏటీఆర్ 72 నిండా జనంతో లేవాలంటే సుమారు 1300 మీటర్ల రన్‌వే కావాలి, ఎయిర్‌బస్ ఏ320కి రెండు కిలోమీటర్లు కావాలి. అంటే అక్కడ దిగగలిగేవి పందొమ్మిది, ఇరవై సీట్ల చిన్న విమానాలే. వాటి కోసమే, చిన్న ఊళ్లకి విమానాలు నడపాలన్న కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద ఆ ఎయిర్‌స్ట్రిప్‌కి మరమ్మతులు చేపట్టారు. ఏళ్లు గడిచినా, టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం మాత్రం ఊరివాళ్లకి ఇంకా కనపడలేదు. యాప్‌కి ఇవేవీ పట్టవు. దాన్ని అడిగింది దూరం, చెప్పింది దూరం.

ఆ 42 నిమిషాలు ఎలా వచ్చాయో ఒకసారి విప్పి చూస్తే సంగతి తేలిపోతుంది. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, గుండ్రటి భూమి మీద వాటి మధ్య అతి చిన్న దారిని కొలుస్తారు. దాన్ని గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగిస్తారు. పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కలిపి ఒక అరగంట చేరుస్తారు. ఇలాంటి లెక్కలు చాలావాటి పద్ధతి ఇదే. వేలూరు-సేలం విషయంలో భాగహారంలో వచ్చింది 12 నిమిషాలు. మిగతా 30 ఉజ్జాయింపుగా చేర్చినవి. లేని విమానానికి, లేని వేగంతో, లేని టైమ్‌టేబుల్ ప్రకారం వచ్చిన అంకె అది. అయినా తెర మీద నిమిషాలతో సహా కనిపించేసరికి మనసు దాన్ని నమ్మేస్తుంది. 'ఓ మూడు గంటలు పట్టొచ్చు' అని పెద్దాయన చెబితే సందేహించే మనిషే, '42 నిమిషాలు' అని ఫోన్ చెబితే సందేహించడు.

ఆకాశం లెక్కా గడియారం లెక్కా దాదాపు కలిసే చోటు ప్రపంచంలో లేకపోలేదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి లోగన్‌ఎయిర్ నడిపే విమానం ఉంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలు రాస్తారు, గాలి అనుకూలిస్తే నిమిషం లోపే దిగిన రోజులున్నాయి. ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్ విమానయానం అదే. ఆ రెండు నిమిషాల కోసం కూడా ప్రయాణికుడు ముందుగా వచ్చి కూర్చోవలసిందే.

తప్పు యాప్‌ది మాత్రమే కాదు. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేసుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. 1994లో మరికొందరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను పిలిచి, థీసిస్ ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లని అడిగితే 49 దాకా వెళ్లారు. చివరికి పట్టింది 55 రోజుల పైమాటే. గమనించదగ్గది ఆ రెండో అంకె. ఎంత చెడుగా ఊహించినా, జరిగింది అంతకంటే ఆలస్యంగానే జరిగింది. ప్రయాణాల్లో ఈ పొరపాటు ఇంకాస్త ఎక్కువగా జరుగుతుంది. ఎందుకంటే సగం పని మన చేతుల్లో ఉండదు.

వేలూరు ప్రయాణం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. చిత్తూరు జిల్లావాళ్లు దాన్ని ఇప్పటికీ రాయవేలూరు అంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా మనుషులు. అమెరికన్ మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఇవాళ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిగా ఎదిగింది. హైదరాబాద్ నుంచి, రాయలసీమ నుంచి, ఉత్తరాంధ్ర నుంచి ఫైళ్లు పట్టుకుని అక్కడికి వచ్చేవాళ్లకు లెక్కలేదు. పక్కనే కాట్పాడిలో విఐటి విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులూ తక్కువేం కాదు. వీళ్లందరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: విమానమా, రైలా?

కూకట్‌పల్లిలో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. కొడుకు టికెట్లు చూస్తాడు. హైదరాబాద్-చెన్నై ఆకాశమార్గం 500 కిలోమీటర్ల పైచిలుకు, విమాన సంస్థ చెప్పే సమయం గంటా ఇరవై నిమిషాలు. 'నాన్నా, గంటన్నరలో చెన్నైలో ఉంటాం, అక్కడి నుంచి వేలూరు పక్కనే' అంటాడు. ఎనిమిది గంటల విమానం బుక్ చేస్తాడు.

ఇప్పుడు ఆ ఉదయాన్ని దగ్గర్నుంచి చూద్దాం. చెకిన్ కౌంటర్లు చాలావరకు గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూతపడుతుంది. పెద్దాయనకి వీల్‌చైర్ అడగాలి, అది వచ్చేదాకా ఆగాలి. కాబట్టి ఆరింటికల్లా శంషాబాద్‌లో ఉండాలి. కూకట్‌పల్లి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా 40 కిలోమీటర్ల దారి. అంటే 4.45కి క్యాబ్ ఇంటిముందు ఉండాలి, మూడున్నరకి లేవాలి, తల్లి మూడింటికే లేచి పులిహోర కలపాలి. తొమ్మిదీ ఇరవైకి చెన్నైలో చక్రాలు నేల తాకుతాయి. అందరూ దిగాక చివర్లో వీల్‌చైర్, ఆ తర్వాత బెల్టు మీద పెట్టెలు, చంకలో ఎక్స్‌రేల పెద్ద కవరు. బయటపడేసరికి పదవుతుంది. అక్కడి నుంచి వేలూరు 130 కిలోమీటర్లు. శ్రీపెరుంబుదూరు దాకా లారీలు, కంపెనీ బస్సులు. వాలాజాపేట దగ్గర టీ. మధ్యాహ్నం ఒంటిగంటకి వేలూరు లాడ్జి మెట్లెక్కుతారు.

ఇంటి గడప దాటి ఎనిమిది గంటల పదిహేను నిమిషాలు. అందులో విమానం వాటా గంటా ఇరవై, అంటే ఆరో వంతు. ఏదీ ఆలస్యం కాని రోజు లెక్క ఇది.

అలాగని విమానం దండగ అని చెప్పడం కాదు. ఎనిమిది గంటలు రైలుకంటే తక్కువే. కొడుకు పొరపాటల్లా ఒకటే, గంటన్నర అనుకుని ఆ సాయంత్రానికే డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టుకోవడం. దిగిన రోజు ఏ పనీ పెట్టుకోకుండా, మర్నాడు ఉదయానికి అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంటే ఇదే ప్రయాణం హాయిగా సాగేది.

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం మరో దారి. హైదరాబాద్ నుంచి ఆకాశంలో 420 కిలోమీటర్ల లోపు. అక్కడి నుంచి చిత్తూరు మీదుగా వేలూరు 120 కిలోమీటర్లు. చెన్నై నుంచి పట్టే దూరానికి దీనికీ పెద్ద తేడా లేదు గానీ, మహానగరం ట్రాఫిక్ ఉండదు. విమానాశ్రయం చిన్నది కాబట్టి పెద్దాయన నడవాల్సింది తక్కువ. తెలుగులో మాట్లాడి టాక్సీ బేరమాడుకోవచ్చు, అదీ తక్కువ సుఖం కాదు. లోటేమిటంటే విమానాలు కొద్ది. చెన్నైలో ఒకటి రద్దయితే మూడు గంటల్లో ఇంకోటి దొరకొచ్చు. చిన్న విమానాశ్రయంలో రద్దయితే మర్నాటిదాకా చూడాల్సి రావొచ్చు. చిన్న ఊళ్ల విమానాల విషయంలో దూరం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది తప్పితే తర్వాతది ఎప్పుడు?

ఈ ప్రశ్న విలువ కడపవాళ్లకి బాగా తెలుసు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ మొదలైన రోజున సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాద్ విమానానికీ ప్రధాని జెండా ఊపారు. గంట ప్రయాణానికి 2500 రూపాయలని అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు. ఆ విమానం నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. సేలం-చెన్నై విమానం కూడా ఆ సంస్థదే. 2018లో మొదలై, తర్వాత ఆగిపోయి, 2023లో మళ్లీ వేరే సంస్థల చేతుల్లో సేలం రన్‌వే మేలుకుంది. ఈ ఏళ్లన్నీ యాప్ తెర మీద దూరం మారలేదు, నిమిషాలూ మారలేదు.

రైలు సంగతి వేరు. హైదరాబాద్ కాచిగూడలో సాయంత్రం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయానికి తిరుపతి మీదుగా చిత్తూరులో దించుతుంది. అక్కడి నుంచి వేలూరు బస్సులో గంట చిల్లర. కోస్తావాళ్లకి కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ నేరుగా కాట్పాడి మీదుగానే పోతుంది. కాట్పాడి స్టేషన్ నుంచి సీఎంసీ ఏడు కిలోమీటర్లు, బయటే ఆటోలుంటాయి. గంటల్లో చూస్తే రైలు విమానానికి ఒకటిన్నర రెట్లు పైనే. కానీ ఆ గంటల్లో ఎక్కువ భాగం బెర్తు మీద నిద్రలో పోతాయి. మూడున్నరకి లేచిన ఎనిమిది గంటలు, పడుకుని గడిపిన పధ్నాలుగు గంటలు ఒకటి కావు. ఏది మేలన్నది మోకాళ్లని అడగాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ల జవాబు ఇంకోలా ఉంటుంది. పరిగెత్తి పాలు తాగాలా, నిలబడి నీళ్లు తాగాలా అనే పాత ప్రశ్నే ఇది.

మధ్యేమార్గం కూడా ఉంది. చెన్నై విమానాశ్రయం నుంచి మెట్రోలో సెంట్రల్‌కి వచ్చి, కాట్పాడి వైపు వెళ్లే రైలెక్కొచ్చు. సెంట్రల్-కాట్పాడి 130 కిలోమీటర్లు; 2022 నవంబరులో మొదలైన చెన్నై-మైసూరు వందేభారత్ ఆ దూరాన్ని గంటన్నర లోపే లాగేస్తుంది. పెట్టెలు తక్కువున్న కాలేజీ పిల్లలకి ఇది బాగుంటుంది. మెట్లూ ఎస్కలేటర్లూ దాటాల్సిన పెద్దాయనకి బాగోదు.

వేలూరులో దిగాక కూడా దూరం అయిపోదు. సీఎంసీ అంటే ఒక్క భవనం కాదు. ఊరి నడిబొడ్డున పాత ఆసుపత్రి ఉంది, బాగాయంలో కాలేజీ ప్రాంగణం ఉంది, ఆరణి రోడ్డులో కంటి ఆసుపత్రి ఉంది. 2022లో చెన్నై రోడ్డు మీద రాణిపేట ప్రాంగణం తెరిచారు, కొన్ని విభాగాలు అక్కడికి వెళ్లిపోయాయి. అపాయింట్‌మెంట్ కాగితం మీద ఏ ప్రాంగణం అని రాసి ఉందో చూసుకోకుండా ఊళ్లో లాడ్జి తీసుకుని, తెల్లారి మళ్లీ చెన్నై రోడ్డు పట్టేవాళ్లుంటారు. నిన్న తాము దాటి వచ్చిన చోటికే వెనక్కి వెళ్తారన్నమాట. టికెట్ కొనేముందు ఆ ఒక్క పంక్తి చదువుకుంటే ఒక పూట కలిసొస్తుంది.

ఇదే లెక్క వేలూరు జిల్లాలోని గుడియాత్తం నుంచి తిరగేసి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. లుంగీలకీ అగ్గిపెట్టెలకీ పేరుపడ్డ ఊరు. 1954లో అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ ఉపఎన్నికలో గెలిచిందీ ఇక్కడే. పరదరామి మీదుగా చిత్తూరు రోడ్డు పట్టుకుంటే తమిళం తెలుగులోకి ఎప్పుడు మారిందో తెలీదు. అక్కడి లుంగీల వ్యాపారి హైదరాబాద్ వెళ్లాలనుకుంటే, ఆకాశదూరం లెక్కన మూడు విమానాశ్రయాలు తగులుతాయి: తిరుపతి సుమారు 105 కిలోమీటర్లు, బెంగళూరు 130, చెన్నై 140. అంకెలు చూస్తే తిరుపతికే ఓటు. అక్కడికి విమానాలు కొద్ది కాబట్టి, సరుకు చూపించి అదే రోజు తిరిగొచ్చే పని ఉంటే కుదరకపోవచ్చు. బెంగళూరు చెన్నైకంటే దగ్గరే, కానీ పేర్నంబట్టు దాటాక ఘాట్ రోడ్డెక్కాలి, వి.కోట మీదుగా కోలారు వైపు పోవాలి. చెన్నై అంకెల్లో అన్నిటికంటే దూరం. నాలుగు లైన్ల రోడ్డూ, ఊరి బయట రైల్వే స్టేషనూ, రోజంతా విమానాలూ ఉన్నది మాత్రం ఆ దిక్కే. మూడింట్లో ఏది దగ్గరన్నది ఏ రోజు, ఏ వేళకి, ఎన్ని మూటలతో అన్నదాన్ని బట్టి మారుతుంది. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా వస్తోంది, సుమారు 260 కిలోమీటర్లు. అది పూర్తయ్యాక ఈ లెక్కంతా మళ్లీ వేసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చే పిల్లల లెక్కా ఇంతే. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు విమానాన్ని ఉత్తరధ్రువం మీదుగా నడిపింది. రెండు ఊళ్ల మధ్య ఆకాశదూరం 14 వేల కిలోమీటర్లకు రవ్వంత తక్కువ, పట్టింది దాదాపు 17 గంటలు. ఆ విమానం దిగి గుడియాత్తం చేరాలంటే సామాను, ఇమిగ్రేషన్, ఘాట్ రోడ్డు అన్నీ కలిపి ఐదు గంటలనుకోవాలి. సగం భూగోళం ఒక ఎత్తు, చివరి 150 కిలోమీటర్లు ఒక ఎత్తు అని తల్లులు ఊరికే అనరు.

ఇంకో సంగతి, కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను రోజున రన్‌వే నీళ్లలో ఉంది. గుడియాత్తంలో గౌండిన్య నదికి నీళ్లొచ్చేదీ ఆ నెలల్లోనే. ఆపరేషన్ తేదీ నవంబరులో పడితే ఒక రోజు ముందు చేరడం భయస్తుల లక్షణమేమీ కాదు.

తిరుగు ప్రయాణం గురించి చాలామంది ఆలోచించరు. డిశ్చార్జి ఎప్పుడో డాక్టరుకే ముందు తెలీదు. రిపోర్టు ఒకటి రావాలి, బిల్లు తేలాలి, మందులు తీసుకోవాలి. అయినా చవగ్గా వస్తోందని రానుపోను టికెట్లు ఒకేసారి కొనేస్తారు. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు లేదా తేదీ మార్చుకునే వీలున్న టికెట్ అన్నది వేలూరు అలవాటున్నవాళ్ల పద్ధతి. ఒకవైపు టికెట్‌కి నాలుగొందలు ఎక్కువైనా అది ఖర్చు కాదు.

లెక్క వేసుకోవడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. పాత క్యాలెండరు కాగితం వెనక, చేరాల్సిన గంట అడుగున రాసుకోవాలి. అక్కడి నుంచి పైకి, అంటే వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి: ఆసుపత్రి గేటు, ఆటో, స్టేషను లేదా క్యాబ్, సామాను, విమానం, గేటు మూత, కౌంటరు, ఇంటి నుంచి దారి, స్నానం. ఒక్కోదాని పక్కన నిమిషాలు వెయ్యాలి. వేసేది ఆశతో కాకుండా, కిందటిసారి నిజంగా ఎంత పట్టిందో గుర్తు చేసుకుని వెయ్యాలి. కిందటిసారి వెళ్లకపోతే, వెళ్లొచ్చిన పక్కింటివాళ్లని అడగాలి. ఎన్ని చోట్ల బండి మారాలో అన్ని అరగంటలు అదనంగా కలపాలి. వెనక్కి లెక్కపెట్టడం వల్ల ఒక మేలుంది. ముందుకి లెక్కపెడితే మనసు ఒక్కో మెట్టూ దాటేస్తుంది. వెనక్కి వస్తే ప్రతి మెట్టు దగ్గరా ఆగక తప్పదు.

కాగితం పైభాగాన చివరికి తేలే అంకె ఒక్కోసారి మింగుడు పడదు. గంటన్నర ప్రయాణానికి మూడున్నరకి లేవడమేమిటని ఇంట్లో గొడవ కూడా అవుతుంది. ఆ గొడవ ముందురోజు రాత్రి ఇంట్లో జరిగితేనే నయం, విమానాశ్రయం గేటు దగ్గర జరిగే కంటే.

ఇక వేలూరు నుంచి గుడియాత్తం. ఆకాశంలో 28 కిలోమీటర్లు, రోడ్డు మీద 35 దాకా. యాప్ పద్ధతిలో లెక్కగడితే విమానంలో 32 నిమిషాలు, అందులో ఎగిరేది రెండు నిమిషాలు. బస్సులో గంట, కాస్త అటూ ఇటూ. టికెట్ కండక్టరే ఇస్తాడు.